గోదావరి చెమ్మలో సంఘ రిజిస్టర్లను కాపాడుకోవడం

పెద్దల సభలు నడిపించే ప్రొటెస్టెంటు శాఖ అయిన ప్రెస్బిటేరియన్ సంఘాలలో ఒక మంచి ఆచారం ఉంది. ఊరి సంఘ పెద్దలు తమ సమావేశాల తీర్మానాలు రాసుకున్న మినిట్స్ పుస్తకాన్ని పై సభ అయిన ప్రెస్బిటరీ ఏటా తెప్పించుకుని, చదివి, తప్పొప్పులు గుర్తించి తిప్పి పంపుతుంది. దక్షిణాదిలో ఆ శాఖవారు 1908లో దక్షిణ భారత ఐక్య సంఘంలోనూ, దాని ద్వారా 1947లో సి.ఎస్.ఐ. (దక్షిణ భారత సంఘం)లోనూ కలిసిపోయారు. మన డెల్టాలో లూథరన్, బాప్టిస్టు, బ్రదరెన్ సంఘాలు కూడా ఉన్నాయి. శాఖ ఏదైనా ఈ తనిఖీ అలవాటు చేసుకోదగ్గదే, ఎందుకంటే ఏడాదికొకసారి ఎవరో ఒకరు తెరిచి చూసే పుస్తకానికి చెద పట్టినా త్వరగా తెలుస్తుంది.

ముందుగా బాప్తిస్మపు, వివాహ, సమాధి రిజిస్టర్లనూ, మినిట్స్ పుస్తకాలనూ, కానుకల చిట్టాలనూ, ఉత్తరాల కట్టలనూ ఒకచోట చేర్చి జాబితా రాయాలి. కట్టలను విప్పి తేదీలవారీగా పేర్చాలన్న ఉబలాటం కలుగుతుంది గాని, ఏ కాగితం దేని పక్కన ఉందన్నది కూడా సాక్ష్యమే కాబట్టి ఉన్న వరుసను చెదరగొట్టకూడదు. నంబర్లు పెన్సిలుతోనే వేయాలి.

ఇక్కడ అసలు శత్రువు చెమ్మ. బీరువాను గోడకు జానెడు దూరంలో, నేలకు మూరెడు ఎత్తున దిమ్మెల మీద ఉంచాలి. 1986 ఆగస్టు వరదనూ, 1996 నవంబరు తుపానునూ చూసినవారికి మేడ మీది గది ఎందుకు మేలో చెప్పనక్కరలేదు. ముసురు రోజుల్లో తలుపులు మూసి ఉంచి, పొడిగాలి వీచే రోజుల్లో కాసేపు తెరవాలి. పుస్తకాలను మాత్రం ఎండలో పరచకూడదు. సిరా వెలిసిపోతుంది, కాగితం పెళుసెక్కుతుంది. బూజు కనబడితే ఆ పుస్తకాన్ని పొడిగా ఆరనిచ్చి, ముక్కుకు మాస్కు కట్టుకుని, ఆరుబయట మెత్తని బ్రష్షుతో దులపాలి.

చెదలకన్నా నాకు ఎక్కువ భయం మంచి మనసుతో చేసే మరమ్మతులంటే. ఒక పాత బాప్తిస్మపు రిజిస్టరులో చిరిగిన పేజీకి ఎవరో సెల్లోటేపు అంటించారు. టేపు ఊడిపోయింది, జిగురు మాత్రం గోధుమరంగు చారగా మిగిలి, ఆ చార కింద తండ్రి పేరు పోయింది. లామినేషన్ అంతకన్నా ప్రమాదం, వెనక్కి తీసే దారి ఉండదు. పాత ఇనుప సిరా ఆమ్లం వల్ల అక్షరాల వెంట కాగితాన్ని కొరుకుతుంది. అలాంటి పేజీలను మడవకుండా, ఆమ్లం లేని కాగితంలో చుట్టి, నూలు నాడాతో వదులుగా కట్టాలి.

స్కానింగ్‌కు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కల స్పష్టత) చాలు. పెళుసు పుస్తకాన్ని యంత్రం మీద బోర్లించకుండా పైనుంచి ఫోటో తీసి, ప్రతులను రెండు వేర్వేరు ఊళ్లలో ఉంచాలి. ఫోటోలు ఉన్నాయి కదా అని అసలు రిజిస్టరును అటకెక్కించేవారు ఉన్నారు, అది పొరపాటు.

వరదకు తడిసిన పుస్తకానికి రెండు రోజుల్లోనే బూజు పట్టవచ్చు. అన్నిటినీ వెంటనే ఆరబెట్టలేకపోతే పేజీలను విడదీయకుండా, ఒక్కొక్కదాన్ని విడిగా ప్లాస్టిక్ సంచిలో చుట్టి, గడ్డకట్టే చల్లదనంలో ఉంచాలి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల కంపెనీల కోల్డ్ స్టోరేజీవారితో తుపాను రాకముందే మాట్లాడుకుంటే, ఆ సదుపాయం వేళకు దొరుకుతుంది. ఆ తరువాత రెండు మూడు పుస్తకాల చొప్పున బయటికి తీసి, పేజీల మధ్య తెల్లటి అద్దుడు కాగితాలు మారుస్తూ, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా ఆరబెట్టాలి.