బెల్టు ఫ్యాన్ తీసి కరెంటు ఫ్యాన్ వేశాక వచ్చే ఇబ్బందులు: సమస్య - పరిష్కారం

మే నెలలో కర్నూలు, అనంతపురం, కడపల్లో 42, 43 డిగ్రీల ఎండ మామూలే. రేడియేటర్‌ను చల్లబరచాల్సింది ఆ వేడిగాలే. అందుకే ఫిట్టింగులో చిన్న తప్పున్నా సరే, జనవరిలో దాగి ఏప్రిల్లో బయటపడుతుంది. పాత జీపు, అంబాసిడర్, సుమో, బొలేరో లాంటి బండ్లలో ఇంజను బెల్టుతో తిరిగే ఫ్యాన్ తీసి 12 వోల్టుల కరెంటు ఫ్యాన్ వేసినవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే చిక్కులు ఇవి.

ఏ పని మొదలుపెట్టినా ముందు బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయండి. కీ తీసి ఉన్నా కరెంటు ఫ్యాన్ తనంతట తాను తిరగొచ్చు, వేళ్లు పోతాయి. వైరు తగిలించి చేయాల్సిన పరీక్షలప్పుడు చెయ్యి రెక్కలకు దూరంగా ఉండాలి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తిప్పొద్దు.

ముందు ఇది తేల్చుకోండి: ఎప్పుడు వేడెక్కుతోంది?

కడప ఏడు రోడ్ల కూడలి ట్రాఫిక్‌లో వేడి చూపే ముల్లు పైకెక్కి, బండి ఊరు దాటి 50 కిలోమీటర్ల వేగం అందుకోగానే దిగిపోతే, లోపం ఫ్యాన్‌లోనో దాని వైరింగులోనో ఉంది. ఊళ్లో బాగానే ఉండి, 44వ నంబరు జాతీయ రహదారి మీద 80లో పోతుంటే వేడెక్కితే ఫ్యాన్‌కు సంబంధం లేదు. ఆ వేగంలో ఎదురుగాలే సరిపోవాలి. ఈ తేడా చూసుకోకుండా ఫ్యాన్ మీద ఫ్యాన్ మార్చి డబ్బులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చినా ఫ్యాన్ తిరగడం లేదు

ఎక్కువసార్లు ఫ్యాన్ మోటారు బాగానే ఉంటుంది. సరైన కనెక్షన్ ఇలా ఉండాలి: రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) 30వ పిన్నుకు బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు గుండా నేరుగా వైరు, 87 నుంచి ఫ్యాన్ పాజిటివ్‌కు, 86కు కీ ఆన్ చేస్తే వచ్చే కరెంటు, 85 నుంచి థర్మో స్విచ్‌కు (నీళ్ల వేడిని బట్టి కలిసే స్విచ్), స్విచ్ నుంచి ఎర్త్‌కు, అంటే బ్యాటరీ నెగటివ్‌తో కలిసి ఉండే ఇంజను బాడీకి.

కీ ఆన్ చేసి, థర్మో స్విచ్‌కు వచ్చే వైరు ఊడదీసి ఇంజను మీద శుభ్రమైన ఇనుముకు తాకించండి. ఫ్యాన్ తిరిగితే లోపం స్విచ్‌లో గానీ స్విచ్ ఎర్త్‌లో గానీ ఉంది. తిరక్కపోతే రిలే టక్కుమంటోందా వినండి. టక్కుమనకపోతే 86లో 12 వోల్టులు ఉన్నాయో లేదో చూడండి. టక్కుమని కూడా ఫ్యాన్ తిరక్కపోతే టెస్టర్ బల్బుతో 30, తర్వాత 87 చూడండి. 30లో కరెంటు లేకపోతే ఫ్యూజు, 30లో ఉండి 87లో లేకపోతే రిలే. రెండింట్లోనూ ఉంటే ఫ్యాన్ ఎర్త్ వైరు చూడాలి. అదీ సరిగా ఉంటేనే మోటారును అనుమానించాలి.

స్విచ్ ఎర్త్ గురించి వివరంగా చెప్పాలి, ఎక్కువమంది తప్పేది ఇక్కడే. పాత రేడియేటర్‌కు స్విచ్ బిగించే చోటు ఉండదు కాబట్టి, పై హోస్ పైపును కోసి మధ్యలో అల్యూమినియం ముక్క పెట్టి, దానికి స్విచ్ బిగిస్తారు. ఒక్క టెర్మినల్ ఉన్న స్విచ్‌కు ఎర్త్ దాని ఒంట్లోంచే పోవాలి. ఆ అల్యూమినియం ముక్కకు రెండు పక్కలా రబ్బరు పైపే. ఎర్త్ ఎక్కడ నుంచి వస్తుంది? ముక్క మీద స్క్రూ వేసి, దాన్నుంచి 1.5 స్క్వేర్ ఎంఎం వైరు ఇంజను బాడీకి లాగాలి. స్విచ్ మరకు టెఫ్లాన్ టేపు మందంగా చుట్టినా ఎర్త్ తెగిపోతుంది. రెండు టెర్మినళ్ల స్విచ్ కొంటే ఈ బాధ ఉండదు.

స్విచ్ మీదే అనుమానముంటే విప్పి, గిన్నెలో నీళ్లు పోసి కాగబెట్టి, కొనవరకే ముంచి మల్టీమీటర్ పెట్టండి. 92 - 95 డిగ్రీల స్విచ్ అయితే నీళ్లు మరిగేలోపు దాని లోపలి కాంటాక్టులు కలవాలి. తిరిగి బిగించాక కూలెంట్ నింపి, మూత తీసి ఇంజను నడిపి, పై హోస్ నొక్కుతూ గాలి బుడగలు పోగొట్టండి. స్విచ్ చుట్టూ గాలి నిలిస్తే, నీళ్లు మరుగుతున్నా స్విచ్‌కు తెలియదు. రేడియేటర్ రేకుల మధ్య గుచ్చే సన్న గొట్టం రకం స్విచ్ మన గతుకులకు కదిలిపోతుంది, దాన్ని నమ్మొద్దు.

తిరుగుతోంది గానీ చల్లబడటం లేదు

రేడియేటర్ ముందు పల్చని గుడ్డ పట్టుకోండి. లోపలికి అతుక్కోవాలి. బయటికి ఎగిరితే వైర్లు తారుమారయ్యాయి, ఎదురుగాలితో ఫ్యాన్ కొట్లాడుతోంది. వైర్లు మారిస్తే తిరుగుడు మారుతుంది. అయితే రెక్కల వంపు కూడా ఆ దిక్కుకు సరిపోవాలి, లేకపోతే గాలి సగమే వస్తుంది. చోటుంటే ఫ్యాన్‌ను రేడియేటర్ వెనకే పెట్టి గాలిని లాగించాలి. ముందుపెట్టి తోయిస్తే ఫ్యాన్ ఒళ్లే గాలికి అడ్డం.

తర్వాత కౌల్, అంటే రేడియేటర్‌కూ ఫ్యాన్‌కూ మధ్య గాలిని నడిపించే తొడుగు. 14 అంగుళాల ఫ్యాన్‌ను రేడియేటర్‌కు నేరుగా ఆనించి కడితే ఆ గుండ్రం మేరకే గాలి లాగుతుంది, నాలుగు మూలలూ వృథా. రేడియేటర్ మొత్తాన్ని కప్పే రేకు కౌల్ చేయించి, రేడియేటర్ రేకుల నుంచి ఫ్యాన్ కనీసం 25 ఎంఎం ఎడంగా ఉండేలా బిగించండి. ప్లాస్టిక్ ట్యాగులు రేకుల్లోంచి దూర్చి కట్టే పద్ధతి వద్దు. అదురుకు ట్యాగు ట్యూబును అరగదీసి లీకు తెస్తుంది. ఇనప పట్టీలు రేడియేటర్ ఫ్రేముకు బిగించాలి.

మూడోది వోల్టేజీ. ఇంజను, ఫ్యాన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 ఉంటే ఫ్యాన్ ప్లగ్గు దగ్గర 13.3కి తగ్గకూడదు. 20 ఆంపియర్లు లాగే ఫ్యాన్‌కు 1.5 స్క్వేర్ ఎంఎం వైరు 3 మీటర్లు వేస్తే ఆ ఒక్క వైరులోనే దాదాపు 0.7 వోల్టు పోతుంది. 4 స్క్వేర్ ఎంఎం వేస్తే పావు వోల్టే. ఎర్త్ వైరు కూడా అంతే లావుండాలి, రంగు గీకిన చోట బిగించాలి.

హైవే మీద వేడెక్కుతోంది

రేడియేటర్ బయట చూడండి. వేరుశనగ పొట్టు, పత్తి దూది, నాపరాయి దుమ్ము రేకుల్లో చాపలా పేరుకుంటాయి. ఇంజను వైపు నుంచి ముందుకు, తక్కువ ప్రెషర్ నీళ్లతో కడగాలి. వాటర్ సర్వీసింగ్ గన్ను దగ్గర పెట్టి కొడితే రేకులు పడుకుంటాయి. లోపల చూస్తే బోరు నీళ్ల గార. మన జిల్లాల బోరు నీళ్లు చాలాచోట్ల గట్టివి, ఏళ్ల తరబడి అవే పోస్తే ట్యూబులు పూడుకుపోతాయి. రేడియేటర్ మేస్త్రీతో ట్యూబులు శుభ్రం చేయించి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయండి. మూత రబ్బరు ఎండిపోయి ఉంటే అదీ మార్చండి. ప్రెషర్ నిలవకపోతే నీళ్లు తొందరగా మరుగుతాయి.

ఇవన్నీ బాగుంటే కొత్త కౌల్‌ను చూడండి. ఫ్యాన్ రంధ్రం తప్ప అంతా మూసేస్తే వేగంలో వచ్చే గాలికి దారి ఉండదు. కౌల్ మూలల్లో కిటికీలు కోసి, వెనక్కి తెరుచుకునే రబ్బరు ముక్కలు వేలాడదీయాలి. ఆగినప్పుడు ఫ్యాన్ లాగుడుకు అవి మూసుకుంటాయి, వేగంలో తెరుచుకుంటాయి.

లోడుతో ఘాట్ ఎక్కుతుంటే వేడెక్కుతోంది

గువ్వలచెరువు ఘాట్‌లో రెండో గేరులో, 20 కిలోమీటర్ల వేగంతో, బరువుతో ఎక్కే బండికి ఎదురుగాలి ఉండదు, ఇంజను మాత్రం పూర్తి బలం మీద ఉంటుంది. బెల్టు ఫ్యాన్ అప్పుడు ఇంజను వేగంతో పాటే తిరిగి విపరీతంగా గాలి లాగుతుంది. ఒక్క కరెంటు ఫ్యాన్ దానికి సాటి రాదు. బేతంచర్ల బండలు మోసే పికప్‌కు పాత ఫ్యాన్ తిరిగి వేయడమే సరైన మరమ్మతు. పాతదానికి విస్కస్ క్లచ్ (వేడెక్కితే ఫ్యాన్‌ను గట్టిగా పట్టి తిప్పే నూనె క్లచ్) ఉంటే అది పోయిందేమో చూడండి. వేడి ఇంజను ఆపి చేత్తో తిప్పితే బిగువుగా ఉండాలి. గిరగిరా తిరిగినా, క్లచ్ చుట్టూ నూనె చారలున్నా పోయినట్టే. చాలామంది ఆ క్లచ్ పోయిందని తెలియకే కరెంటు ఫ్యాన్‌కు మారతారు.

రిలే కరుగుతోంది, ఫ్యూజు పోతోంది

మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే రెండు మూడింతల కరెంటు లాగుతుంది. 20 ఆంపియర్ల ఫ్యాన్‌కు 40 ఆంపియర్ల రిలే, 30 ఆంపియర్ల ఫ్యూజు వేయండి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. ఫ్యూజు పోతోందని పెద్దది వేయొద్దు, వైరు అంటుకుంటుంది. రిలే బేసు కరిగిందంటే దాదాపు ఎప్పుడూ వదులు టెర్మినలే కారణం.

ఫ్యాన్ ఆగడం లేదు

థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాకే రేడియేటర్‌కు వదిలే వాల్వు) 82 డిగ్రీలది అయితే నీళ్లు అంతకంటే చల్లబడవు. స్విచ్ 80కి ఆగే రకమైతే ఫ్యాన్ ఎప్పటికీ ఆగదు. 95కు మొదలై 88 - 90కి ఆగేది తీసుకోండి.

కీ తీసినా ఇంజను కాసేపు ఆగడం లేదు

రిలే 30వ పిన్నుకు బ్యాటరీ నుంచి కాకుండా కీ లైను నుంచి కరెంటు ఇచ్చారన్నమాట. కీ తీశాక కూడా తిరుగుతున్న ఫ్యాన్ డైనమోలా కరెంటు పుట్టించి ఆ లైనుకు వెనక్కి పంపుతుంది. 30ని బ్యాటరీకి మార్చండి.

ఏసీ వేస్తే ఊళ్లో చల్లదనం లేదు

ఏసీ వేయగానే ఫ్యాన్ తిరగాలి, థర్మో స్విచ్ కోసం ఆగకూడదు. కంప్రెసర్ క్లచ్ వైరును థర్మో స్విచ్ వైరుకు నేరుగా కలపకండి. అది పాజిటివ్, ఇది ఎర్త్. రెండో రిలే పెట్టి 86కు క్లచ్ వైరు, 85, 30లకు ఎర్త్, 87 నుంచి మొదటి రిలే 85కు వైరు లాగండి.

వాటర్ పంపు దగ్గర గలగల

చాలా బండ్లలో పాత ఫ్యాన్‌ను, పుల్లీని అవే నాలుగు బోల్టులు పట్టి ఉంచుతాయి. ఫ్యాన్ తీశాక అవే బోల్టులు బిగిస్తే పొడవెక్కువై అడుగు తగిలి ఆగుతాయి, పుల్లీ వదులుగానే ఉంటుంది. తీసిన మందం మేరకు పొట్టి బోల్టులు వేయండి. బెల్టు మాత్రం తీయకూడదు, వాటర్ పంపు, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ తిరిగేది దానితోనే.

రాత్రి లైట్లు మసకబారుతున్నాయి

హెడ్‌లైట్లు రెండూ సుమారు 9 ఆంపియర్లు, ఫ్యాన్ 20, ఏసీ బ్లోయర్ వేరే. ఐడిలింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజను నెమ్మదిగా నడిచేటప్పుడు) ఆల్టర్నేటర్ తన పూర్తి కరెంటు ఇవ్వలేదు. అన్నీ వేసి, ఇంజను ఐడిలింగ్‌లో ఉంచి బ్యాటరీ దగ్గర కొలవండి. 13 కంటే తగ్గుతుంటే ముందు బెల్టు బిగువు చూడండి, తర్వాత పెద్ద ఆల్టర్నేటర్ వేయించండి. డైనమో ఉన్న పాత బండికైతే ఆల్టర్నేటర్ మార్చాకే ఈ ఫ్యాన్ సంగతి ఆలోచించాలి.