డీబీ బాక్సులో కరెంటు సెన్సర్లు: మూత విప్పే ముందు చూసుకోవాల్సినవి

గృహజ్యోతి వచ్చాక తెలంగాణలో చాలా ఇళ్లకు 200 యూనిట్లు లక్ష్మణరేఖ అయి కూర్చుంది. పథకం వర్తించే ఇంట్లో నెల వాడకం ఆ లోపు ఉంటే బిల్లు సున్నా, దాటితే వాడిందంతా కట్టాలి. ఆంధ్రలో గృహజ్యోతి లేకపోయినా స్లాబు మారితే పడే దెబ్బ అందరికీ తెలిసిందే. రీడింగు తీసే మనిషి వచ్చేదాకా ఆగకుండా ఏసీ ఎంత తాగుతోంది, ఫ్రిజ్ ఎంత తాగుతోంది అని ఫోన్లోనే చూసుకోవచ్చు కదా అని డీబీలో, అంటే ఇంట్లో మెయిన్ స్విచ్చూ మిగతా స్విచ్చులూ ఉండే పెట్టెలో, పెట్టే సెన్సర్లు కొంటున్నారు. మంచి ఆలోచనే. నా భయమల్లా వాటిని పెట్టే తీరు మీదే.

సెన్సర్ వరకూ చూస్తే నిజంగానే అమాయకమైన వస్తువు. తీగ చుట్టూ మూసుకునే చిన్న క్లిప్పు, అంతే. దాన్ని సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) అంటారు. తీగలో కరెంటు పారుతుంటే చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రాన్ని బట్టి ఎంత పారుతోందో చెబుతుంది. తీగ కోయక్కర్లేదు, ఒక్క స్క్రూ వదులు చేయక్కర్లేదు. వీడియోల్లో అయిదు నిమిషాల్లో పెట్టేసి చూపిస్తారు. కానీ ఆ క్లిప్పు పెట్టాలంటే డీబీ లోపలి మూత తీయాలి. ఆ మూత వెనక, మెయిన్ ఆపినా కరెంటు ఆగని చోట్లు ఉంటాయి. వీడియోలో కనపడనివి అవే.

ఎప్పుడు, ఎక్కడ

సంక్రాంతికీ ఉగాదికీ మధ్య ఈ పని పెట్టుకోవడం ఉత్తమం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది, ఆ వెనకే ఏసీలు మొదలవుతాయి. మే నెలలో ఎలక్ట్రీషియన్ దొరకడు, దొరికినా చెమటలు కక్కుతూ హడావిడిగా పని ముగించి వెళతాడు. వానాకాలంలో డీబీ ఉన్న గోడ చెమ్మగా అనిపిస్తే అసలు మూత ముట్టుకోవద్దు. ముందు ఆ చెమ్మ సంగతి చూడండి. పట్టపగలే చేయండి. మెయిన్ ఆపాక మెట్ల కింద ఉన్న బాక్సు దగ్గర చీకటే ఉంటుంది, టార్చ్ ముందే ఛార్జ్ చేసి పెట్టుకోండి.

చోటు విషయంలో ఒక్కటే మాట: మీటరు మీది కాదు, డిస్కంది, అంటే కరెంటు సరఫరా చేసే కంపెనీది. మీటరుకు, దాని పెట్టెకు వేసిన సీలు జోలికి వెళ్లొద్దు. సీలు తీస్తే గానీ సెన్సర్ పట్టదని ఎవరైనా చెబితే ఆ మనిషిని పంపించేయండి. మీటరుతో అక్రమంగా జోక్యం చేసుకుంటే 2003 విద్యుత్ చట్టం 138వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, పది వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మీటరు దాటాక ఇంట్లో ఉన్న డీబీలోనే మన పని.

మెయిన్ ఆపాక కూడా కరెంటు ఎక్కడెక్కడ ఉంటుంది

మొదటిది మెయిన్ స్విచ్చే. దాన్ని కిందికి దించితే అవుట్‌గోయింగ్ వైపు మాత్రమే కరెంటు ఆగుతుంది. మీటరు నుంచి వచ్చే తీగలు బిగించిన వైపు 230 వోల్టులు అలాగే నిలబడి ఉంటాయి. మొత్తం ఇంటి వాడకం కొలవాలంటే ప్రధాన సెన్సర్ చాలాసార్లు సరిగ్గా ఆ తీగ మీదే పెట్టాల్సి వస్తుంది. అందుకని మీటరు పక్కనున్న కటౌటు (ఫ్యూజు) లేదా ఎమ్‌సీబీ (కరెంటు ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్చు) ఆపాలి. అపార్ట్‌మెంట్లలో అది కింద ప్యానెల్ గదిలో ఉంటుంది. అక్కడ మీ ఫ్లాట్‌ది ఆపి ఊరుకుంటే చాలదు. ట్రిప్ అయిందనుకుని వాచ్‌మన్ సాయం చేయబోయి పైకి లేపుతాడు. స్విచ్ మీద టేపు వేసి ‘పని జరుగుతోంది, వేయొద్దు’ అని కాగితం అంటించండి, వాచ్‌మన్‌కు నోటితోనూ చెప్పండి, గదికి తాళం ఉంటే చెవి మీ జేబులో పెట్టుకోండి. సొంత ఇంట్లో అయితే మనిషిని నిలబెట్టడమే మేలు.

రెండోది ఇన్వర్టరు. మెయిన్ ఆపగానే అది లైన్ పోయిందనుకుని లైట్లు, ఫ్యాన్ల తీగల్లోకి తన 230 వోల్టులు పంపుతుంది. ఆ తీగలు ఇదే డీబీలోంచి పోతాయి. ఇన్వర్టరు ముందున్న బటన్ నొక్కి ఊరుకోకుండా దాని అవుట్‌పుట్‌ను కూడా విడదీయించండి.

ఇంటి మీద సోలార్ ఉంటే ఇంకో జాగ్రత్త. మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు లైన్ పోగానే తనంతట తానే ఆగుతుంది. బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఆగదు, బ్యాకప్ లైన్‌కు కరెంటు ఇస్తూనే ఉంటుంది. ఏ రకమైనా సరే, పై కప్పు మీంచి దిగే డీసీ తీగల్లో ఎండ ఉన్నంతసేపూ వోల్టేజీ ఉంటుంది. వాటి దరిదాపులకు పోవద్దు.

రెండు పోర్షన్ల ఇళ్లలో మరో తిరకాసు ఉంటుంది. పై వాటా మీటరు తీగ కింది డీబీలోంచి వెళ్లడం, రెండు వాటాలకీ ఒకే న్యూట్రల్ (ఫేజు తీగలో వచ్చిన కరెంటు తిరిగి వెళ్లే తీగ) వాడేయడం పాత వైరింగ్‌లో మామూలే. మీ మెయిన్ ఆపినా పక్క వాళ్ల కరెంటు మీ పెట్టెలో ఉంటుందన్నమాట.

ఇక ‘ఇప్పుడు కరెంటు పోయింది, ఈలోగా పెట్టేద్దాం’ అనుకోవడమంత తెలివితక్కువ పని లేదు. పోయిన కరెంటు చెప్పి రాదు.

ఇన్ని ఉన్నాయి గనక, ఏది ఆపామన్న లెక్కతో సరిపెట్టకుండా కొలిచి చూడాలి. స్క్రూడ్రైవర్ టెస్టరును నమ్మొద్దు. పొడి చెక్క స్టూలు మీద నిలబడితే అందులోని బల్బు మసగ్గా వెలుగుతుంది, పగటి వెలుతురులో అది కంటికి ఆనదు. క్యాట్ త్రీ (CAT III, డీబీ లాంటి చోట్ల కొలవడానికి తగిన భద్రతా స్థాయి) అని రాసి ఉన్న మల్టీమీటరు వాడండి. ముందు కరెంటు ఖాయంగా ఉన్నచోట పెట్టి మల్టీమీటరు పనిచేస్తోందో లేదో చూడండి. తర్వాత డీబీలో ఫేజుకూ న్యూట్రల్‌కూ, ఫేజుకూ ఎర్త్‌కూ, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలవండి. ఆఖర్న మళ్లీ కరెంటు ఉన్నచోటికే వెళ్లి ఇంకోసారి చూడండి. మధ్యలో మీటరు బ్యాటరీ అయిపోయినా, తీగ ఊడినా అది సున్నానే చూపిస్తుంది. ఆ సున్నాను నమ్మి వేలు పెట్టిన వాళ్లున్నారు.

త్రీ ఫేజ్ ఇళ్లలో న్యూట్రల్

ఇది ప్రాణాలకంటే సామాను మీదికి ఎక్కువ తెచ్చే తప్పు, పైగా చాలా తేలిగ్గా జరిగేది. డీబీలో తీగలన్నీ ఇరుగ్గా ఉంటాయి. క్లిప్పు పట్టడం లేదని న్యూట్రల్ తీగను కాస్త పక్కకు లాగుతారు, లేదా న్యూట్రల్ లింకు స్క్రూ ఒకటి వదులు చేస్తారు. లైన్ ఆన్‌లో ఉండగా ఆ మెయిన్ న్యూట్రల్ ఊడిందంటే, రెండు ఫేజుల మీదున్న సామాన్లు ఒకదాని వెనక ఒకటి తగిలించినట్టవుతాయి. వాటి రెండింటి మీదా కలిపి దాదాపు 400 వోల్టులు పడతాయి. అందులో పెద్ద వాటా తక్కువ లోడు ఉన్న వైపుకే వెళుతుంది. గీజరు చల్లగా కూర్చుంటుంది, టీవీ, సెట్‌టాప్ బాక్సు, వైఫై రూటరు టపటపా కాలిపోతాయి. పని అయ్యాక కొన్ని లైట్లు మరీ ప్రకాశంగా, కొన్ని గుడ్డిగా వెలుగుతుంటే క్షణం ఆలోచించకుండా మెయిన్ దించేయండి. లోపం న్యూట్రల్‌లోనే ఉంటుంది.

సీటీ పెట్టడానికి న్యూట్రల్‌ను ముట్టుకోవాల్సిన అవసరమే లేదు. క్లిప్పు ఫేజు తీగ ఒక్కదాని మీదే పెట్టాలి. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి క్లిప్పులో పెడితే ఒకటి పోయేది, ఒకటి వచ్చేది కొట్టేసుకుని రీడింగు సున్నా వస్తుంది. రంగుల మీద మాత్రం గుడ్డి నమ్మకం వద్దు. ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్ అని పుస్తకం చెబుతుంది. ఇల్లు కట్టేటప్పుడు చేతికందిన కాయిల్ వాడేసిన మేస్త్రీకి ఆ పుస్తకంతో పనిలేదు.

క్లిప్పు, దాని తీగలు

సీటీ తీగలను ముందు మానిటర్‌కు, అంటే రీడింగును ఫోన్‌కు పంపే పరికరానికి, గుచ్చి, ఆ తర్వాతే క్లిప్పును ఫేజు తీగ మీద మూయండి. తీసేటప్పుడు దీనికి తిరగేసి: ముందు క్లిప్పు, తర్వాత ప్లగ్గు. కారణం లేకపోలేదు. సీటీ లోపలి చుట్టలో కరెంటు పారే దారి తెగి ఉండి, అవతల ఫేజులో లోడు ఉంటే ఆ చుట్ట కొసల దగ్గర వోల్టేజీ ఎగబాకుతుంది. ఫ్యాక్టరీ ప్యానెళ్లలో వాడే 5 ఆంప్స్ రకాల్లో ఇది మనిషికి ప్రమాదమే. ఇళ్లలో పెట్టే చిన్నవాటిలో సాధారణంగా రక్షణ ఉంటుంది గానీ అన్నీ ఒకలా ఉండవు. మన ప్రయోగాల కుర్రాళ్లు ఎక్కువగా కొనే ఎస్‌సీటీ-013 చూడండి: 30 ఆంప్స్, 1 వోల్ట్ అని రాసినదాంట్లో ఆ దారిని కలిపి ఉంచే రెసిస్టరు లోపలే ఉంటుంది, 100 ఆంప్స్, 50 మిల్లీఆంప్స్ అని రాసినదాంట్లో ఉండదు. రెండూ చూడ్డానికి ఒకటే. పెట్టె మీద కాదు, క్లిప్పు మీద చదవండి.

క్లిప్పును ఇన్సులేషన్ ఉన్న తీగ మీదే పెట్టాలి, బస్‌బార్ (స్విచ్చులను కలిపే లోహపు పట్టీ) మీదో ఒలిచిన చివర మీదో కాదు. పాత ఇళ్లలో ఇన్సులేషన్ కదిలిస్తే చాలు అప్పడంలా పొడి అవుతుంది. అలా ఉంటే పని అక్కడితో ఆపి ముందు వైరింగ్ మార్పించండి. పింగాణీ కిట్‌కాట్ ఫ్యూజులున్న బోర్డు అయితే సెన్సర్‌కు పెట్టే డబ్బు ఎమ్‌సీబీలకూ, ఆర్‌సీసీబీకీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చు) పెట్టడమే నా సలహా. ఫ్యూజు వైరు బదులు మందపాటి రాగి తీగ చుట్టిన కిట్‌కాట్ కనపడితే ఇంక సలహా కాదు, అత్యవసరం.

రెండు సగాలూ టక్కున మూసుకోవాలి. మధ్యలో ఇసుక రేణువు పడినా రీడింగు తప్పుతుంది. లోపలి కోరు పెళుసు, బలవంతంగా నొక్కితే బీట వస్తుంది.

వోల్టేజీ తీగలు

చాలా మానిటర్లకు కరెంటుతో పాటు వోల్టేజీ కూడా తెలియాలి. అందుకు డీబీలోంచి సన్నటి తీగలు తీస్తారు. వీడియోల్లో వాళ్లు ఈ భాగాన్ని పరుగున దాటేస్తారు. 63 ఆంప్స్ మెయిన్ కింది నుంచి దారం లాంటి తీగ లాగితే, అది షార్ట్ అయిన రోజు మెయిన్ ట్రిప్ అయ్యేలోపే ఆ తీగ అంటుకుంటుంది. దానికి విడిగా 6 ఆంప్స్ ఎమ్‌సీబీయో ఇంకా చిన్న ఫ్యూజో పెట్టించి, తీగ మందం దానికి తగ్గట్టు ఉండేలా చూడండి. ఫేజూ న్యూట్రలూ ఆర్‌సీసీబీకి ఒకే వైపు నుంచి తీయాలి. ఒకటి ముందు నుంచి, ఒకటి వెనక నుంచి తీస్తే మానిటర్ తాగే కరెంటే లీకేజీలా కనపడి, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతూ ఉంటుంది. విసుగొచ్చి ఎవరో ఒకరు దాన్ని బైపాస్ చేస్తారు, అసలు ప్రమాదం అప్పుడు మొదలవుతుంది.

పీజెడ్‌ఈఎమ్-004టీ లాంటి ఉత్త బోర్డులు వాడితే వాటిని ప్లాస్టిక్ డబ్బాలో మూసి పెట్టాలి, 230 వోల్టుల స్క్రూలు బయటికి కనపడుతుంటాయి. గోడ కరెంటుకు తగిలించి ఉన్న మానిటర్‌ను ప్రోగ్రామింగ్ పిన్నుల దగ్గర ల్యాప్‌టాప్‌కు కలపడం అసలే కూడదు. చాలా పరికరాల్లో ఆ పిన్నుల మీద మెయిన్స్ కరెంటే ఉంటుంది.

ఎవరు చేయాలి, చివర్లో ఏం చూడాలి

డీబీ పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు మనుషులతోనే చేయించండి. మీరు పక్కన ఉండి పైన చెప్పినవి అడగండి. దగ్గర నిలబడే వాళ్లు కూడా ఉంగరం, కడియం, మెడలో వేలాడే గొలుసు తీసేయాలి. కాళ్లకు పొడి చెప్పులుండాలి. ఎవరికైనా షాక్ కొడితే చేత్తో లాగొద్దు. ముందు మెయిన్ ఆపండి, అది అందకపోతే పొడి కర్రతో నెట్టండి, తర్వాత 108.

మూత బిగించాక అన్నీ ఆపి ఒక్క గీజరు వేయండి. 2,000 వాట్ల గీజరు ఫోన్లో 2,000 దగ్గర, దాదాపు 8.7 ఆంప్స్ చూపాలి. వోల్టేజీ 210 ఉన్న ఊళ్లో 1,700కు కాస్త తగ్గినా తప్పు కాదు. మైనస్ 2,000 వస్తే క్లిప్పు మీది బాణం తిరగబడింది. మైనస్ 1,000 వస్తే త్రీ ఫేజ్‌లో ఒక ఫేజు క్లిప్పుకు ఇంకో ఫేజు వోల్టేజీ జతపడింది. దేన్ని సరిచేయాలన్నా మళ్లీ అంతా ఆపి, కొలిచాకే మూత తీయాలి. అప్పటికి అందరికీ విసుగొచ్చి ఉంటుంది, తొందరపాటు జరిగేది ఆ రెండోసారే.

ఇనప పెట్టెలో వైఫై అందకపోతే యాంటెనా బయటికి తీయించండి, ఆ రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ వేయించండి. లేకపోతే వెచ్చదనానికి బల్లి దూరుతుంది, రెండు టెర్మినళ్ల మధ్య పడి చస్తుంది. యాప్ పాస్‌వర్డ్ కూడా మార్చుకోండి, ఇంట్లో మనుషులు లేని రోజులు ఆ గ్రాఫులో ఇట్టే తెలిసిపోతాయి.

డీబీ తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించి పెట్టండి: ఏ క్లిప్పు ఏ తీగ మీద ఉందో, మానిటర్ ఎమ్‌సీబీ ఏదో, ఇన్వర్టరూ సోలారూ ఎక్కడ ఆపాలో. మళ్లీ ఆ మూత విప్పేది మీరు కాకపోవచ్చు.