కప్పల్ని గుర్తుపడదాం – 4వ పాఠం: చిన్నదంతా పిల్ల కాదు

పోయిన పాఠం చివర ఒక పని చెప్పాను. మిరుగం దాటాక మొదటి గట్టి వాన పడ్డ రాత్రి టార్చి పట్టుకుని నీళ్లు నిలిచిన చోటికి వెళ్లండి, బొటనవేలి పై కణుపంత కప్ప కనిపిస్తే ఫొటో తీసుకోండి అని. తీసి ఉంటే ఆ ఫొటో ముందు పెట్టుకుని ఇది చదవండి. లేకపోయినా ఫరవాలేదు, ముసురు పట్టిన ఏ రాత్రయినా ఈ పని చేయొచ్చు.

నాకు ఆ కప్ప మొదటిసారి నర్సంపేట నుంచి పాకాల వెళ్లే దారిలో, నాట్లకు దున్నిన పొలం పక్కన కనిపించింది. ఒడ్డు మీద కూర్చున్న అవ్వను అడిగితే, "గది బోదురుకప్ప పిల్ల బిడ్డా, పెద్దగైతది" అన్నది. నేనూ అదే నమ్మాను. కానీ ఆ 'పిల్ల' గొంతు కింద సంచి ఉబ్బించి, దువ్వెన పళ్ల మీద గోరుతో గీసినట్టు గరగరమని అరుస్తోంది. కప్పల్లో అలా అరిచి ఆడదాన్ని పిలిచేది ఎదిగిన మగదే. అంటే అది పిల్ల కాదు, దాని పూర్తి పరిమాణమే అంత. ఈ పాఠంలో ఇదొక్కటే గుర్తుంచుకున్నా నాకు తృప్తే: కప్ప వయసును పొడవుతో కొలవొద్దు.

ఇక చూడటం నేర్చుకుందాం. ముందు నోరు చూడండి. తల చిన్నగా, ముందుకు మొనదేలి, ఒంటికి అతకనట్టు ఉంటుంది. నోటి చీలిక కురచ. ఈ కప్పలు తినేవి ఎక్కువగా చీమలు, చెదలు, వాటికి ఆ నోరు చాలు. తర్వాత కంటి వెనక చూడండి. బోదురుకప్పకు అక్కడ గుండ్రటి చెవిపొర స్పష్టంగా కనిపిస్తుంది, దీనికి చర్మం కింద దాగి ఉంటుంది. వీపు నున్నగా ఉంటుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు, ఎందుకంటే పొలాల్లో గెంతే క్రికెట్ కప్పల పిల్లలూ ఇంతే ఉంటాయి. వాటి వీపు మీద పొడవాటి చర్మపు మడతలుంటాయి, చెవిపొరా కనిపిస్తుంది. చివరగా రంగు. కళ్ల మధ్య మొదలై, నడుము దగ్గర సన్నబడి, వెనక్కి పోయేకొద్దీ విచ్చుకునే ముదురు మచ్చ ఉంటే అది మైక్రోహైలా ఆర్నేటా, ఇది మన కప్ప శాస్త్రీయ నామం. ఆర్నేటా అంటే అలంకరించుకున్నది. రంగును చివర పెట్టింది కావాలనే. తడిలో, పొడిలో, టార్చి వెలుగులో అది మారుతుంది, నోరూ చెవీ మారవు.

వెతికే చోటు గురించి ఒక మాట. పాకాల చెరువు కాకతీయుల కాలం నాటిది, చూడదగ్గది. కానీ ఈ కప్పకు అంత నీరు అక్కర్లేదు. ట్రాక్టరు టైరు గాడిలో నిలిచిన వాన నీళ్లు చాలు, అక్కడ గుడ్లు తినే చేపలుండవు. గుడ్లు నీటి మీద పలచటి పొరలా పరుచుకుంటాయి. గుడ్లలోంచి వచ్చే తోకకప్పలు గాజులా ఉంటాయి. నీటి మధ్యలో కదలకుండా తేలుతూ, నీళ్లలోని సూక్ష్మజీవుల్ని వడగట్టుకుని తింటాయి. మిగతా తోకకప్పలకు గీకడానికి ఉండే గట్టి దవడలు, నోటి పళ్ల వరసలు వీటికి లేవు. ఈ కప్పల కుటుంబాన్ని పట్టివ్వడానికి నాకు దీనికన్నా నమ్మకమైన గుర్తు తెలియదు. చిన్నప్పుడు కప్పతల్లి ఆటలో రోకలికి కట్టి మేం వాడంతా తిప్పింది పెద్ద కప్పనే. కాళ్ల దగ్గర తేలిన ఈ గాజు పిల్లల్ని ఎవరం చూడలేదు.

ఇప్పుడు వర్గీకరణ. కుటుంబం మైక్రోహైలిడే, ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) మైక్రోహైలా, జాతి ఆర్నేటా. ఈ ప్రజాతిని 1838లో స్విస్ శాస్త్రవేత్త చూడీ ఏర్పరిచాడు. పేరుకు 'చిన్న చెట్టుకప్ప' అని అర్థం, మన కప్ప మాత్రం నేల మీదిదే. పేరు లక్షణం చెప్పాలని ఆశించకండి, అది గుర్తింపు కోసమే.

పుస్తకాల్లో మన కప్ప పేరు ఇలా ఉంటుంది: మైక్రోహైలా ఆర్నేటా (డ్యుమెరిల్, బిబ్రోన్, 1841). ఆ బ్రాకెట్లు అలంకారం కాదు. ఆ ఇద్దరు ఫ్రెంచివాళ్లు దీన్ని మొదట వర్ణించినప్పుడు పెట్టిన ప్రజాతి వేరు, ఎంజిస్టోమా. తర్వాతి వాళ్లు మైక్రోహైలాకు మార్చారు. ప్రజాతి మారితే తొలి రచయిత పేరు బ్రాకెట్లలోకి పోతుంది. మారకపోతే బయటే ఉంటుంది. ఒక చిన్న గుర్తులో కప్ప పాత ఇంటి సంగతి దాచిపెట్టిన ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం.

జాతి కూడా స్థిరం కాదు. చాలాకాలం మన దగ్గర్నుంచి చైనా, జపాన్ దక్షిణ దీవుల దాకా అంతా ఆర్నేటాయే అనుకున్నారు. 2005లో జపాన్ శాస్త్రవేత్త మత్సుయి బృందం డీఎన్ఏ పోల్చి చూస్తే అవి ఒకటి కావని తేలింది. చైనా, ఆగ్నేయాసియా కప్పలు ఫిస్సిపెస్ అనే వేరే జాతి అయ్యాయి, జపాన్ దక్షిణాన ఒకినావా వైపువి ఒకినావెన్సిస్ అనే ఇంకో జాతి. ఆర్నేటా పేరు దక్షిణాసియా కప్పకు మిగిలింది. 2021లో ప్రజాతే చీలింది. ఆగ్నేయాసియాకు చెందిన 9 జాతుల్ని విడదీసి నానోహైలా అన్న కొత్త ప్రజాతిలో పెట్టారు. మన కప్ప ఉన్నచోటే ఉంది. అయినా పాత పుస్తకంలో కప్ప ఎక్కడెక్కడ ఉంటుందో చూపే పటం చూస్తే ముందు అచ్చైన ఏడాది చూసుకోండి.

అభ్యాసం. ఒకటి: పారదర్శకమైన సీసాలో గుంట నీళ్లు తీసుకుని వెలుగుకు పెట్టి చూడండి. నీటి మధ్యలో తేలే గాజు తోకకప్ప ఉంటే దాని నోరు గమనించి రాసుకోండి, పది నిమిషాల్లో అదే గుంటలో వదిలేయండి. కప్పను పట్టుకోవాల్సి వస్తే చేయి తడి చేసుకోండి, పొడి చేయి దాని చర్మానికి చెరుపు.

రెండు: కింది రెండు పేర్లలో బ్రాకెట్లు ఒకదానికే ఎందుకున్నాయో కారణం రాయండి.

మైక్రోహైలా అకటినా చూడీ, 1838
నానోహైలా అన్నెక్టెన్స్ (బూలెంజర్, 1900)

రెండోదానికి 2020లో బ్రాకెట్లు ఉండేవా? ఈ ప్రశ్నకు జవాబు మీరే పట్టుకోండి, ఐదో పాఠం అక్కడినుంచే మొదలుపెడతాను.