ఎండాకాలం బిగించిన ఏహెచ్‌యూ వానాకాలం ఎందుకు కారుతుంది? సమస్య - పరిష్కారం

వరంగల్, హనుమకొండలో ఫంక్షన్ హాళ్లు, ఆస్పత్రులు, బట్టల షోరూముల ఏసీ పనులు చాలావరకు ఎండలు ముదిరేలోపే అయిపోవాలని తొందర పెడతారు. ఏప్రిల్‌లో గాలి పొడి. ఏహెచ్‌యూ (గాలిని చల్లబరిచి డక్టుల్లోకి, అంటే గాలి గొట్టాల్లోకి పంపే పెద్ద యూనిట్) లోపలి చల్లని కాయిల్ మీద నీళ్లు పెద్దగా చేరవు కాబట్టి ట్రయల్ రన్ చక్కగా సాగిపోతుంది. జులైలో ముసురు పట్టాక ఫాల్స్ సీలింగ్ మీద మరకలు మొదలవుతాయి. అప్పుడు యూనిట్ మీద పడటం కన్నా బిగింపు చూడటం మేలు.

ఏ పనికైనా తలుపు తీసే ముందు ఐసోలేటర్ (యూనిట్‌కు కరెంటు తెంపే స్విచ్) ఆపి తాళం వేయండి, తాళంచెవి జేబులో పెట్టుకోండి, ట్యాగ్ కట్టండి. తర్వాత స్టార్ట్ బటన్ నొక్కి నిజంగానే ఆగిందో లేదో చూడండి. వీఎఫ్‌డీ (మోటారు స్పీడ్ మార్చే డ్రైవ్) ఉంటే దాని మీద రాసినన్ని నిమిషాలు ఆగి, టెస్టర్‌తో చూశాకే వైర్లు ముట్టుకోండి. లోపల కెపాసిటర్లలో కరెంటు ఇంకా ఉంటుంది. ఒకే డక్ట్‌కు రెండు యూనిట్లు కలిసి ఉంటే, ఆపిన దాని బ్లోయర్ (ఫ్యాన్) రెండోదాని గాలికి తిరుగుతూనే ఉండొచ్చు. డ్యాంపర్ (డక్ట్‌లో గాలిని ఆపే పలక) మూయకుండా చెయ్యి పెట్టొద్దు.

లక్షణం: ఫ్యాన్ నడుస్తుంటే నీళ్లు బయటికి పోవు, ఆపగానే ఒక్కసారి దబదబా పోతాయి

కారణం దాదాపు ఎప్పుడూ డ్రెయిన్ ట్రాపే, అంటే డ్రెయిన్ పైపులో కాసిని నీళ్లు నిలిపి గాలిని ఆపే వంపు. కాయిల్ తర్వాత బ్లోయర్ ఉన్న యూనిట్లలో పాన్ (కాయిల్ కింద నీళ్లు పట్టే పళ్లెం) దగ్గర గాలి లోపలికి పీల్చుకుంటుంది. ట్రాప్ లేకపోయినా, లోతు చాలకపోయినా ఆ పీల్పు పైపులోంచి గాలిని లాగి నీళ్లను పాన్‌లోనే ఆపేస్తుంది. పాన్ నిండి పొర్లితే నీళ్లు యూనిట్ అడుగున పాకి, ఇన్సులేషన్ తడిసి, గదిలో ముక్కవాసన వస్తుంది.

తేల్చుకోవడం సులభం. ఫ్యాన్ నడుస్తుండగా డ్రెయిన్ పైపు చివర వెలిగించిన అగరుబత్తి పట్టండి. పొగ పైపులోకి పోతే ట్రాప్ పనిచేయడం లేదు. ఫిల్టర్లు, దూది దరిదాపుల్లో మాత్రం ఈ పని వద్దు.

కొలత ఇలా వేయండి. ఫిల్టర్లు మురికిపట్టిన స్థితిలో పాన్ దగ్గర పీల్పు 40 మి.మీ. నీటి మట్టం (గాలి ఒత్తిడి కొలత) అనుకుందాం. దానికి 25 మి.మీ. కలిపితే 65. పాన్ మూతి నుంచి ట్రాప్ బయటి మూతి అంత కిందికి ఉండాలి. అందులో సగం, అంటే సుమారు 33 మి.మీ., ట్రాప్‌లో నిలిచే నీళ్లు. పైపు మందం కూడా కలిపితే పాన్ మూతి కింద 150 మి.మీ. దాకా చోటు కావాలి. 100 మి.మీ. సిమెంటు దిమ్మె కట్టి యూనిట్ పెట్టేశాక ఈ చోటు దొరక్క మేస్త్రీ ట్రాప్‌ను పొట్టిగా చేస్తాడు, జులై కథ అక్కడే మొదలవుతుంది. దిమ్మె ఎత్తు ట్రాప్‌ను బట్టి ముందే తేల్చుకోవాలి. ఇప్పటికే బిగించేసి ఉంటే యూనిట్‌ను లేపి కింద ఛానెల్ ఫ్రేమ్ పెట్టడమే దారి.

ట్రాప్ దాటాక పైపుకు మీటరుకు 10 మి.మీ. వాలు ఇవ్వండి. రెండు యూనిట్లకు ఒకే ట్రాప్ పెట్టొద్దు. మొదటిసారి నడిపే ముందు ట్రాప్‌లో నీళ్లు పోయండి. ఎండాకాలం దానంతట అదే ఎండిపోతుంది కాబట్టి తొలకరి ముందు మళ్లీ పోయాలి. పరీక్షకు సన్న గొట్టం పాన్‌లోకి దూర్చి, తలుపు మూసి, సందు టేపుతో కప్పి, ఫుల్ స్పీడ్‌లో ఫ్యాన్ పెట్టి 10 లీటర్లు వదలండి. ధార ఆగకుండా బయటికి రావాలి.

ట్రాప్ సరిగ్గానే ఉన్నా తుంపరలు బ్లోయర్ దాకా ఎగురుతుంటే, కాయిల్ ముందు గాలి వేగం కొలవండి. సెకనుకు 2.5 మీటర్లు దాటితే నీటిచుక్కలు గాలితో పోతాయి. బ్లోయర్ స్పీడ్ తగ్గించండి.

లక్షణం: గాలి వస్తోంది, కానీ చాలడం లేదు

ముందు తిరిగే దిశ చూడండి. సెంట్రిఫ్యూగల్ బ్లోయర్ ఉల్టా తిరిగినా గాలి అటే వస్తుంది, తగ్గుతుందంతే. అందుకే చాలామంది మోసపోతారు. క్షణం పాటు స్టార్ట్ చేసి ఆపండి. పుల్లీ నెమ్మదిస్తున్నప్పుడు దాన్ని బాణం గుర్తుతో పోల్చండి. ఉల్టా ఉంటే మోటారు వైపు ఏవైనా రెండు ఫేజులు మార్చండి. వీఎఫ్‌డీకి వచ్చే వైపు మారిస్తే ఫలితం ఉండదు. వీఎఫ్‌డీని తప్పించి మోటారు నడిపే బైపాస్ ఉంటే దాంట్లో కూడా విడిగా చూడాలి.

దిశ సరిగ్గా ఉంటే ఫిల్టర్లు. పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్, జిన్నింగ్ మిల్లుల వైపు గాలి తీసుకునే యూనిట్లకు దూది నూగు జాలీ మీదే దుప్పటిలా పేరుకుంటుంది. కరీంనగర్ గ్రానైట్ యూనిట్ల దగ్గర సన్న పొడి. కొత్త ఫిల్టర్ పెట్టిన రోజు మానోమీటర్ (ఫిల్టర్‌కు అటూఇటూ ఒత్తిడి తేడా చూపేది) రీడింగ్ ఫ్రేమ్ మీద రాసి పెట్టండి. రెట్టింపు అయితే మార్చేయండి.

లక్షణం: గాలి బాగుంది, చల్లదనం లేదు

కాయిల్‌లో తిరిగే చల్లని నీళ్లు (చిల్డ్ వాటర్) వచ్చే, పోయే పైపుల ఉష్ణోగ్రత చూడండి. 7 డిగ్రీల దగ్గర వచ్చి 16, 17 దగ్గర పోతుంటే నీళ్లు తక్కువ వస్తున్నాయి: స్ట్రెయినర్‌లో (పైపులోని జల్లెడలో) వెల్డింగ్ ముక్కలు, లేదా కాయిల్ పైన గాలి బుడగ. పైపులను కాయిల్ తప్పించి బైపాస్‌లో కడిగాకే కలపాలి. రెండు పైపులూ తారుమారైతే కూడా చల్లదనం తగ్గుతుంది. నీళ్లు గాలి బయటికి పోయే వైపు నుంచి కాయిల్‌లోకి రావాలి.

లక్షణం: స్లాబు ఊగుతుంది, మోత

బ్లోయర్ కింద స్ప్రింగుల దగ్గర రవాణా బోల్టులు, బ్రాకెట్లు అలాగే ఉండిపోయాయేమో చూడండి. అవి తీయకపోతే స్ప్రింగు ఉన్నా లేనట్టే. యూనిట్‌కు, డక్ట్‌కు మధ్య ఉండే క్యాన్వాస్ కాస్త వదులుగా ఉండాలి, డక్ట్ బరువు యూనిట్ మీద పడకూడదు. రెండు పుల్లీల మీదుగా దారం లాగితే నాలుగు చోట్లా తగలాలి. బెల్టు మధ్యలో నొక్కితే పుల్లీల నడుమ మీటరు దూరానికి సుమారు 16 మి.మీ. దిగాలి. కొత్త బెల్టు 24 గంటలు నడిచాక మళ్లీ బిగించండి.

లక్షణం: ఓవర్‌లోడ్ ట్రిప్

ఫిల్టర్లు లేకుండా, డక్ట్ పూర్తికాకుండా నడిపారా? ముందుకు వంగిన రెక్కల బ్లోయర్లలో అడ్డు తగ్గితే గాలి పెరిగి ఆంప్స్ ఎక్కువవుతాయి. ఫిల్టర్లు పెట్టి, డక్ట్ పూర్తిచేసి, తలుపులు మూసి, మూడు ఫేజుల్లోనూ క్లాంప్ మీటర్ పెట్టి నేమ్‌ప్లేట్‌తో పోల్చండి. ట్రిప్ ఆగడం లేదని ఓవర్‌లోడ్ రిలే (మోటారును కాపాడే స్విచ్) సెట్టింగ్ పెంచితే మోటారు కాలుతుంది.