రియో ఆకు పొరలో ప్లాస్మోలిసిస్ సరిగ్గా రావడం లేదా? సమస్య - పరిష్కారం

ఇంటర్ బోటనీ ప్రాక్టికల్స్‌లో రియో ఆకునే ఎంచుకోవడానికి కారణం దాని అడుగువైపు ఊదా రంగు. ఆ రంగు ఆంథోసయనిన్‌ది, అది కణం లోపలి రిక్తికలో, అంటే కణరసం నిండిన సంచిలో, ఉంటుంది. నీరు బయటికి పోయి జీవపదార్థం ముడుచుకుంటే (ఇదే ప్లాస్మోలిసిస్), రంగు కూడా కణం గోడను వదిలి లోపలికి జరగడం స్పష్టంగా కనిపిస్తుంది. కనిపించకపోతే చాలామంది వెంటనే ఇంకాస్త ఉప్పు కలుపుతారు. తొందరపడకండి, ముందు కారణం చూడండి.

రంగు కణం నిండా అలాగే ఉంది, ముడుచుకోవడం లేదు

ఎక్కువసార్లు తప్పు ద్రావణంలోనే ఉంటుంది. 0.9 శాతం ఉప్పునీటి గాఢత కణరసానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి దానిలో పెద్ద మార్పేమీ రాదు. 1 మోలార్ సుక్రోజ్ వాడండి: 34.2 గ్రాముల సుక్రోజ్‌ను కొద్ది నీటిలో కరిగించి, తర్వాత నీళ్లు పోసి మొత్తం 100 మి.లీ.కి తేవాలి. అంతేగానీ 100 మి.లీ. నీటిలో సుక్రోజ్ వేయకూడదు. అలా వేస్తే మొత్తం పరిమాణం పెరిగి గాఢత తగ్గిపోతుంది. సుక్రోజ్ లేకపోతే 5 శాతం ఉప్పునీరు చాలు.

ద్రావణం సరిగ్గానే ఉన్నా ఫలితం రాకపోతే, పొర కింద నీటి చుక్క మిగిలి ఉందేమో చూడండి. అది ద్రావణాన్ని పలచన చేస్తుంది. కవర్‌స్లిప్‌కు ఒక అంచున ద్రావణం వేసి, ఎదుటి అంచున వడపోత కాగితం ఆనించి లాగండి. రెండు మూడు సార్లు చేసి, 5 నుంచి 10 నిమిషాలు ఆగండి.

కొన్ని కణాల్లో రంగే లేదు

అవి పొర తీసేటప్పుడు చిరిగిన కణాలు, రసం కారిపోయి ఉంటుంది. అంచులు వదిలేసి మధ్య భాగం చూడండి. పత్రరంధ్రాల (ఆకు మీది సన్నని రంధ్రాల) చుట్టూ ఉండే రక్షక కణాలకు ఊదా రంగు ఉండదు, వాటిని చూసి కంగారు పడక్కర్లేదు.

నీళ్లు పెట్టినా కణం మళ్లీ నిండడం లేదు

త్వచం, అంటే గోడకు లోపలివైపు జీవపదార్థాన్ని చుట్టి ఉండే పలచని పొర, చచ్చిపోయింది. గాఢ ద్రావణంలో ఎక్కువసేపు ఉంచినా, స్లైడ్ ఎండిపోయినా ఇంతే. అనుమానం తీరాలంటే ఒక పొరను మరిగే నీళ్లలో ముంచి తీసి పోల్చండి: దానిలో రంగు బయటికి కారిపోతుంది, ఎంత ఉప్పునీరు పెట్టినా ముడుచుకోదు. రంగును లోపల నిలిపి ఉంచేది బతికి ఉన్న త్వచమే. కొత్త పొర తీసుకోండి, ముడుచుకోగానే నీటికి మార్చండి.

ఎవరూ నీళ్లు పెట్టకుండానే నిండిపోయింది

గ్లిసరాల్, యూరియా లాంటివి వాడి ఉంటారు. అవి త్వచం గుండా మెల్లగా లోపలికి చేరతాయి, వాటి వెంట నీరూ వస్తుంది. సుక్రోజ్ అంత తేలిగ్గా దాటలేదు, అందుకే ఈ ప్రయోగానికి అదే నయం.

పలచని ద్రావణంలోనూ కాసేపటికి ముడుచుకుంటోంది

కవర్‌స్లిప్ అంచుల నుంచి నీరు ఆవిరై గాఢత పెరుగుతోంది. ఫ్యాన్ కింద పెట్టకండి, అంచున అదే ద్రావణం ఇంకో చుక్క వేయండి.

వైవాలో తరచుగా అడిగే ప్రశ్న: ముడుచుకున్న త్వచానికీ గోడకూ మధ్య ఖాళీలో ఏముంటుంది? గాలి అనో, నీరు అనో చెబుతారు. అక్కడ ఉండేది బయట మనం వేసిన ద్రావణమే. కణకవచం, అంటే ఆ గోడ, సుక్రోజ్‌ను, నీటిని రెండింటినీ రానిస్తుంది. ఎంపిక చేసేది దాని లోపలి త్వచం.