నచ్చిన బొమ్మ మీద రాయాలంటే

బొమ్మల మీద వచ్చే వ్యాసాల్లో చాలావాటికి బొమ్మతో పనే ఉండదు. చిత్రకారుడి కష్టాలు, రాసేవాళ్ల మనసు, చివర్లో రెండు విశేషణాలు, అంతే. దీనికి మందు ఒకటే: అర్థం జోలికి పోకుండా, ముందు కంటికి కనిపించింది రాయడం.

డచ్ చిత్రకారుడు వాన్ గో వేసిన 'పొటాటో ఈటర్స్' (బంగాళాదుంపలు తినేవాళ్లు) తీసుకోండి. 1885లో వేసిన నూనెరంగుల బొమ్మ, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది. ఎత్తు 82, వెడల్పు 114 సెంటీమీటర్లు. విశాఖలో ఫోన్ పట్టుకుని చూసేవాళ్లకి ముందు పోయేది ఈ కొలతే. సుద్దముక్కతో గోడ మీద ఆ చట్రం గీసి ఎదురుగా నిలబడండి, తేడా తెలుస్తుంది.

ఏ ప్రతి చూస్తున్నారో కూడా తేల్చుకోవాలి. ఇదే దృశ్యానికి వాన్ గో లిథోగ్రాఫ్, అంటే రాతి అచ్చు, కూడా చేశాడు. రాతి మీద గీసింది అచ్చులో కుడిఎడమలు మారి వస్తుంది. అది చూసి రాస్తే కుడివైపు కాఫీ పోస్తున్నావిడ ఎడమకి వెళ్లిపోతుంది.

ఆ తర్వాత ఇరవై నిమిషాలు నామవాచకాలూ క్రియలే రాయండి. అయిదుగురు మనుషులు, ఒక్క దీపం, మనకి వీపు పెట్టిన పిల్ల, కణుపులు తేలిన చేతులు. 'అద్భుతం' అన్న మాట వచ్చిందంటే చూడడం ఆపేశారన్నమాట.

జీవితకథలోంచి బొమ్మకి పనికొచ్చేదే తీసుకోవాలి. ఈ చేతులే మట్టి తవ్వాయని తమ్ముడు తియోకి వాన్ గో ఉత్తరం రాశాడు. ఆ చేతులు అంత మొరటుగా ఎందుకున్నాయో దాంతో తెలుస్తుంది. వాన్ గో తన చెవి కోసుకున్నది 1888లో, ఈ బొమ్మ వేశాక. ఆ సంగతి ఇక్కడెందుకు?

పాత చందమామలోని వడ్డాది పాపయ్య బొమ్మ మీద రాస్తుంటే జాగ్రత్త ఇంకోటి. కాగితం ముదిరి వచ్చిన పసుపుని వ.పా. వేసిన పసుపు అనుకోకండి. భూతద్దంలో చుక్కలు కనిపిస్తే అవి అచ్చువి, రంగుల అంచులు జరిగినా అచ్చు లోపమే. కుంచెని నిందించకండి. మ్యూజియంలో బొమ్మ మీది అద్దం మెరుస్తుంటే మాత్రం ఓ పక్కకి జరిగి చూస్తే చాలు.

చిత్తుప్రతి అయ్యాక, బొమ్మ చూడనివాళ్లకి చదివి వినిపించి పెన్సిల్‌తో గీయమనండి. దీపం బల్లకి పైన వేలాడకుండా బల్ల మీదికొస్తే ఆ వాక్యం దిద్దాలి.