మదుపు పాఠాలు – 6: సిప్ డబ్బు తీసే ముందు తేదీలు చూడండి

"సిప్ మొదలుపెట్టి ఏడాది దాటింది. ఇప్పుడు మొత్తం తీసేసుకుంటే ఎగ్జిట్ లోడ్ పడదు కదా?" మ్యూచువల్ ఫండ్లలోకి కొత్తగా వచ్చినవారు తరచూ అడిగే ప్రశ్న ఇది. పడుతుంది. ఎగ్జిట్ లోడ్ అంటే గడువుకు ముందే అమ్మితే ఫండ్ కోసుకునే రుసుము. అది ఎందుకు పడుతుందో, ఎంత పడుతుందో, పడకుండా ఎంత తీసుకోవచ్చో మీ అంతట మీరే లెక్క కట్టుకోవడం ఈ పాఠంలో నేర్చుకుందాం. గత పాఠంలో తెప్పించుకున్న ఖాతా స్టేట్‌మెంట్‌ను దగ్గర పెట్టుకోండి.

పొరపాటు ఎక్కడ మొదలవుతుందంటే, మనలో చాలామందికి సిప్ కంటే ముందు బ్యాంకు రికరింగ్ డిపాజిట్ పరిచయం. ఆర్‌డీలో నెలనెలా కట్టినా ఖాతా ఒకటే, గడువు తేదీ ఒకటే. చివరి నెలలో కట్టిన వాయిదా కూడా మొదటి నెల వాయిదాతో పాటే చేతికొస్తుంది. సిప్ అలా కాదు. సిప్ అనేది ఖాతా కాదు, ప్రతి నెలా ఫలానా రోజున ఇంత సొమ్ముకు యూనిట్లు, అంటే ఫండ్‌లో వాటాలు కొనమని మీరిచ్చిన ఆదేశం మాత్రమే. ప్రతి వాయిదా ఒక విడి కొనుగోలు. దాని ధర వేరు, తేదీ వేరు, ఏడాది నిండే రోజు వేరు.

స్టేట్‌మెంట్‌లో ఒక్క వరుస తీసుకుని చూద్దాం. మీరు 5,000 రూపాయలు కట్టారు. అక్కడ 4,999.75 అని ఉంటుంది. ఆ 25 పైసలు ఏమయ్యాయని కంగారు పడకండి. 2020 జూలై 1 నుంచి ఫండ్ యూనిట్ల కొనుగోలుపై 0.005 శాతం స్టాంప్ డ్యూటీ ఉంది, అదే ఇది. పక్క గడిలో ఆనాటి ఎన్ఏవీ, అంటే ఒక్కో యూనిట్ ధర. అది 40 రూపాయలనుకుంటే మీకు వచ్చిన యూనిట్లు 124.994. ఈ వరుసలో అందరూ చూసేది యూనిట్ల సంఖ్య. అమ్మేటప్పుడు పనికొచ్చేది మాత్రం ఎడమ చివర ఉన్న తేదీ.

ఇప్పుడు అసలు లెక్క. ఒకరు 2024 జనవరిలో నెలకు 5,000 చొప్పున ఒక ఈక్విటీ ఫండ్‌లో (ప్రధానంగా షేర్లలో మదుపు చేసే ఫండ్) సిప్ మొదలుపెట్టారు. 2025 ఏప్రిల్ నెలాఖరుకు 16 వాయిదాలు, 80,000 రూపాయలు. వాటిలో ఏడాది నిండినవి ఎన్ని? 2024 జనవరి, ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ వాయిదాలు. నాలుగే! మిగతా 12 వాయిదాలకు ఇంకా ఏడాది కాలేదు. ఇంకో సంగతి గమనించండి. నెలనెలా సిప్ సాగుతున్నంత కాలం, మూడేళ్లయినా పదేళ్లయినా, చివరి 12 వాయిదాలు ఎప్పుడూ ఏడాది లోపువే. అందుకే "ఏడాది దాటింది" అన్న మాటను మొత్తం సిప్‌కు వర్తింపజేయడం కుదరదు.

చాలా ఈక్విటీ ఫండ్లు ఏడాది లోపు అమ్మిన యూనిట్లపై 1 శాతం ఎగ్జిట్ లోడ్ తీసుకుంటాయి. అన్నీ ఒకేలా ఉండవు. కొన్నింటిలో గడువు తక్కువ, కొన్నింటిలో యూనిట్లలో కొంత శాతం వరకు మినహాయింపు. మీ పథకం వివరాల పత్రంలో ఈ ఒక్క పేరా తప్పకుండా చదవండి. లోడ్ పడేది లాభం మీద కాదు, అమ్మిన మొత్తం విలువ మీద. అంటే నష్టానికి అమ్ముకున్నా అది పడుతుంది. మార్కెట్ పడిందని బెదిరి ఆరో నెలలోనే అమ్మేసేవారికి రెండు వైపులా దెబ్బ తగిలేది ఇక్కడే.

పన్ను కూడా ఇదే తేదీని పట్టుకుని నడుస్తుంది. 2024 జూలై 23 నుంచి ఉన్న రేట్ల ప్రకారం, ఈక్విటీ ఫండ్ యూనిట్లను 12 నెలల లోపు అమ్మితే లాభంపై 20 శాతం. అంతకు మించి ఉంచితే 12.5 శాతం, అదీ ఒక ఆర్థిక సంవత్సరంలో ఇలాంటి దీర్ఘకాలిక లాభాలన్నీ కలిపి 1.25 లక్షలు దాటిన భాగం మీదే. పైన చెప్పిన 124.994 యూనిట్లనే తీసుకోండి. పది నెలలకు ఎన్ఏవీ 48కి చేరిందని అమ్మారు. విలువ సుమారు 6,000. లోడ్ 60 పోతుంది. మిగిలిన 940 లాభంపై పన్ను పరిధిలో ఉన్నవారికి 188 రూపాయలు, దానిపై సెస్సు. అదే ఎన్ఏవీ దగ్గర, ఇంకో రెండు నెలలు దాటాక అమ్మితే లోడ్ లేదు. ఆ ఏడాది దీర్ఘకాలిక లాభాలు 1.25 లక్షల లోపే ఉంటే పన్నూ లేదు. సామాన్య మదుపరికి చట్టం ఇచ్చిన మంచి వెసులుబాటు ఇది, తేదీ చూసుకోక వదులుకోవడం అన్యాయం.

మరి కొంతే తీసుకుంటే ఏ యూనిట్లు పోతాయి? ముందు కొన్నవి ముందు. ఒక ఫోలియోలో, అంటే ఫండ్ సంస్థ దగ్గర మీ పేరిట ఉన్న ఖాతాలో, ఎప్పుడూ పాత యూనిట్ల నుంచే అమ్మకం మొదలవుతుంది. ఇది మీకు అనుకూలమైన నియమం. పై ఉదాహరణలో 20,000 అవసరమైతే, ఫండ్ నష్టాల్లో లేనంతవరకు ఆ నాలుగు పాత వాయిదాలతోనే పని గడిచిపోతుంది. పిల్లల ఫీజుకు 20,000 కావలసినప్పుడు మొత్తం ఖాళీ చేయనక్కర్లేదు.

పన్ను ఆదా కోసం ఈఎల్ఎస్ఎస్ ఫండ్‌లో సిప్ చేసేవారికి ఇది మరింత ముఖ్యం. అక్కడ మూడేళ్ల లాకిన్, అంటే అమ్మడానికి వీల్లేని గడువు, ప్రతి వాయిదాకూ విడివిడిగా ఉంటుంది.

రెగ్యులర్ ప్లాన్ నుంచి డైరెక్ట్ ప్లాన్‌కు మారేవారికి ఒక హెచ్చరిక. 2013 జనవరి నుంచి ప్రతి పథకంలోనూ పంపిణీదారుల కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్ ఉంది. ఖర్చు తక్కువ కాబట్టి, సొంతంగా నిర్ణయాలు తీసుకోగలవారు మారడం మంచిదే. కానీ 'స్విచ్' నొక్కగానే జరిగేది అమ్మకం, మళ్లీ కొనుగోలు. పైసా మీ బ్యాంకుకు రాకపోయినా పన్ను లెక్క పడుతుంది, ఏడాది లోపు యూనిట్లపై లోడ్ కూడా పడవచ్చు, కొత్త ప్లాన్‌లో తేదీ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. నేనైతే ముందు పాత సిప్ ఆపి కొత్త వాయిదాలను డైరెక్ట్‌లో మొదలుపెట్టమంటాను. పాత యూనిట్లను ఏడాది నిండిన కొద్దీ, లాభం 1.25 లక్షల లోపు ఉండేలా చూసుకుంటూ మార్చుకోవచ్చు.

అభ్యాసం: స్టేట్‌మెంట్‌లో నేటికి సరిగ్గా ఏడాది వెనక ఉన్న తేదీ దగ్గర పెన్సిలుతో అడ్డగీత గీయండి. గీతకు పైనున్న వరుసల్లోని యూనిట్లు కూడండి. ఇంతకుముందు ఎప్పుడైనా కొన్ని అమ్మి ఉంటే ఆ సంఖ్యను ఇందులోంచి తీసేయండి, అవి పాత వాటి నుంచే పోయాయి కదా. మిగిలినదాన్ని నేటి ఎన్ఏవీతో హెచ్చించండి. లోడ్ గడువు ఏడాదైతే, లోడ్ లేకుండా ఈ రోజు మీరు తీసుకోగల సొమ్ము అదే. ఆ అంకెను స్టేట్‌మెంట్ పైన రాసిపెట్టుకోండి. ఆ యూనిట్లు కొన్న ధరను బట్టి లాభం లెక్కగట్టి, ఆదాయపు పన్ను రిటర్నులో చూపడం ఏడో పాఠంలో చేద్దాం.